ఎడమకు తిప్పితే మూలిగిన కారు

కారు ముందు భాగంలో ఏదో శబ్దం వస్తోందని ఎవరైనా నా దగ్గరికి వస్తే నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఎటు తిప్పితే? చాలామంది దగ్గర దీనికి జవాబుండదు. శబ్దం వినబడగానే గుండె జారిపోయి నేరుగా షెడ్డుకు వచ్చేస్తారు. కుడికి తిప్పితేనా, ఎడమకా? నిలబెట్టి తిప్పినా వస్తుందా, నడుస్తుంటేనే వస్తుందా? ఇట్లా నేను ఒక్కొక్కటే అడుగుతుంటే పని రానివాడు మాటలతో పొద్దుపుచ్చుతున్నాడని అనుకునేవాళ్ళూ ఉన్నారు. అనుకోనీ. నేను స్పానరు పట్టుకోవడం మానేసి చాలా ఏళ్ళయింది, అయినా ఈ పనిలోకి కొత్తగా వచ్చిన మీలాంటి వాళ్ళు అప్పుడప్పుడూ వచ్చి అడుగుతూనే ఉంటారు. అందుకే ఆ నల్లకారు సంగతి ఒకసారి రాసి పెడదామనిపించింది. నా పనిలో నేను గర్వపడే రోజులు కొన్ని ఉన్నాయి. వాటన్నిటిలోకీ ముందు నిలబెట్టేది ఆ కారును బాగుచేసిన రోజునే.

అప్పటికి ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధానిగా ఉంది. ప్రొద్దుటూరులో కార్లు బహు తక్కువ. ఏ కారు ఎవరిదో, దాన్ని నడిపేది ఎవరో ఊరంతటికీ తెలుసు. డ్రైవరంటే అప్పట్లో పెద్ద హోదా. కానీ బండిని దేనికో కొట్టి దాచిపెట్టాడని ఒక్కసారి పేరు పడిందా, ఇక ఇటు జమ్మలమడుగు నుంచి అటు పులివెందుల దాకా అతని చేతికి స్టీరింగ్ ఇచ్చే మనిషి ఉండడు.

మా షెడ్డు ఊరి చివర ఉండేది. రేకుల కప్పు, నాపబండల నేల. అక్కడ మేం ముగ్గురం. అందరికీ పెద్ద మా మేస్త్రీ. మద్రాసులో పని నేర్చి వచ్చినవాడు. టీ పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టేదాకా ఏ బండి గురించీ నోరు విప్పడు. విప్పిన తర్వాత ఎవరూ ఎదురు చెప్పకూడదు. కోపం వస్తే చేతిలో ఏదుంటే అది గోడకేసి విసిరేవాడు. మనుషుల మీదికి ఎప్పుడూ విసరలేదు, విసిరిన దాన్ని ఎవరినీ తెమ్మనేవాడూ కాదు, తనే వెళ్ళి ఏరుకొచ్చుకునేవాడు. రెండోవాడు లేతు మిషను చూసే టర్నరు. జమ్మలమడుగు మిషన్ బడిలో చదివిన క్రైస్తవుడు. ఆదివారం ఎంత పెద్ద మనిషి వచ్చి బతిమాలినా "రేప్పొద్దున రాండి సామీ" అనేవాడే తప్ప లేతు ముట్టేవాడు కాదు. మేస్త్రీ తర్వాతి చేయి నేను. అప్పటికే పెళ్ళయి, ఒక బిడ్డ తండ్రిని. నాకు పని బాగా వచ్చని నాకు తెలుసు. మేస్త్రీకి కూడా తెలుసు గానీ ఆ మాట ఆయన నోట ఎప్పుడూ రాలేదు.

ఆ నల్లకారు వేరుశెనక్కాయల మండీ నడిపే ఒక సావుకారుది. ఎవరి దగ్గరో కొన్న పాత పెద్ద కారు. సావుకారు తండ్రి ఎద్దులబండ్లు కట్టుకుని పల్లెపల్లె తిరిగి శెనక్కాయలు కొన్నవాడు. కొడుకు కారులో తిరిగి కొనేవాడు. వారంలో సగం రోజులు పులివెందుల వైపే. కారు నడిపేది మా ఊరి ముస్లిం పెద్దమనిషి ఒకాయన, నాకంటే వయసులో పెద్దయినా నన్ను అన్నా అనే పిలిచేవాడు. ఏళ్ళ తరబడి ఆ ఇంటి కారే నడుపుతున్నాడు. కారుకు ఏ చిన్న జబ్బు చేసినా మా షెడ్డుకే తెచ్చేవాడు, మేం పని చేసినంతసేపూ పక్కనే నిలబడి చూసేవాడు.

ఒక పొద్దున ఆయన కారు తీసుకొచ్చి, లోపలికి రాకుండా బయటే ఆపాడు. ముఖం చూస్తే ఏదో జరిగిందని తెలుస్తోంది.

"అన్నా, ఎడమకు తిప్పితే మూలుగుతాండాది. స్టీరింగ్ బిగుసుకొంటాండాది. వంకలో బండకు కొట్టి దాచినానంటాడు మా సావుకారయ్య. అల్లా మీద ఆన, నేను యాడా కొట్టలేదన్నా."

విషయం ఇదీ. ముందు రోజు పులివెందుల నుంచి దారిలోని వంకలు, అదే వాగులు, దాటుకుని తిరిగి వచ్చి, కార్ల స్టాండు దగ్గర మలుపు తిరుగుతుంటే ముందు నుంచి పెద్ద మూలుగు వినబడింది. స్టాండులో ఉన్న డ్రైవర్లంతా తలెత్తి చూశారు. సావుకారు అక్కడే దిగి, వంగి చూశాడు. ముందు యాక్సిల్ ఇనుప దూలం మీద ఒక గాటు కనబడింది. అంతే, అందరూ వింటుండగా "నేను పల్లెలో బేరంలో ఉంటే ఈయప్ప వంకలో బండకేసి కొట్టినాడు. కొట్టి, నా కాడ నోరు మూసుకొని నిలబడినాడు" అనేశాడు. మెకానిక్ చూసి దెబ్బ తగిలిందని చెబితే ఆ రోజుతో పనిలోంచి తీసేస్తానని కూడా చెప్పాడు. అంటే ఆ మనిషి బతుకు మా షెడ్డు చెప్పే మాట మీద ఆధారపడి ఉంది.

మేస్త్రీ టీ తాగడం పూర్తయింది. కారు ముందు భాగం జాకీ మీద ఎత్తించి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. చక్రం అటూ ఇటూ తిరగడానికి ఇరుసులా ఒక లావుపాటి ఇనుప కడ్డీ ఉంటుంది, దాన్ని కింగ్ పిన్ అంటాం. అది అరిగితే చక్రం ఊగుతుంది, శబ్దం చేస్తుంది. ఆ రోజుల్లో ముందు భాగం శబ్దాల్లో చాలా వాటికి అదే కారణం. కానీ ఈ కారులో ఎడమ చక్రం ఊగనే లేదు. కుడివైపు దానికంటే కూడా గట్టిగా ఉంది.

"పిన్ను కొత్త పెండ్లికూతురి మాదిరి ఉండాది. దీనికేం రోగం ల్యా" అన్నాడు మేస్త్రీ. తర్వాత యాక్సిల్ మీది గాటు మీద వేలు పెట్టి రాశాడు. "దెబ్బ తగిలింది. యాక్సిల్ వంగినాది."

డ్రైవరు వెనక్కి తిరిగాడు. వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాడు. అన్నాళ్ళుగా పక్కనే నిలబడి చూసిన మనిషి ఆ రోజు గేటు దాటి లోపలికి రాలేదు.

"మేస్త్రీ, నన్నొకసారి చూడనియ్యి" అన్నాను.

"చూడు. చూస్తే వంగింది నేరుగా వస్తాదా?" అన్నాడు. అయినా కాదనలేదు.

నిజం చెప్పాలంటే నేను కూడా మొదట తప్పు దారిలోనే వెళ్ళాను. చక్రం బేరింగే మూలుగుతోందనుకుని విప్పి, కడిగి, కొత్త గ్రీజు పెట్టి బిగించాను. ఎడమకు తిప్పితే మళ్ళీ అదే మూలుగు. స్ప్రింగు పట్టీల మధ్య తుప్పేమోనని నూనె పోశాను. మూలుగు తగ్గలేదు. టర్నరు లేతు దగ్గర నుంచే "టైరు రాసుకొంటాందేమో సూడప్పా" అని సలహా ఇచ్చాడు. అదీ చూశాను. టైరు దేనికీ తగలడం లేదు. మధ్యాహ్నానికి మేస్త్రీ నా వైపు చూడటం కూడా మానేశాడు.

అయితే టైరు చూస్తున్నప్పుడు ఒక సంగతి కంటబడింది. రెండు ముందు టైర్లూ సమంగా అరిగి ఉన్నాయి. యాక్సిల్ వంగితే టైరు ఒక అంచున చెక్కినట్టు అరిగిపోవాలి. కారు నేరుగా వెళ్ళేటప్పుడు కూడా ఒక పక్కకు లాగాలి. నేను డ్రైవరును పిలిచి అడిగాను.

"నేరుగా పోయేటప్పుడు ఒక పక్కకు లాగుతాందా?"

"లేదన్నా. దారం పట్టినట్ల పోతాది. తిప్పితేనే."

"తిప్పి వదిలేస్తే స్టీరింగ్ తిరిగి నేరుగా వస్తాందా?"

ఆయన గాల్లోనే స్టీరింగ్ తిప్పి చూసుకున్నాడు. "కుడికి తిప్పితే సులభంగా వస్తాందన్నా. ఎడమకు తిప్పితే ఆడే నిలబడతాది. నేనే లాక్కోవాల."

అప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. వంగిన యాక్సిల్ అట్లా చేయదు. ఎక్కడో ఏదో బిగుసుకుపోయింది. ఎక్కడన్నది చెవులతో పట్టుకోవాలి. అది నాపబండల మీద నిలబెట్టి తిప్పితే తెలిసేది కాదు, ఆ నున్నటి బండ మీద టైరే కీచుమని అరిచి అసలు శబ్దాన్ని మింగేస్తుంది. అందుకని కారును సావుకారు మండీ వెనక శెనక్కాయలు ఆరబెట్టే మట్టి కళ్ళంలోకి తీసుకెళ్ళమన్నాను. పంటకాలం కాదు కాబట్టి ఖాళీగా ఉంది. నేను ముందు మడ్‌గార్డు మీద బోర్లా పడుకుని, పొడుగాటి స్క్రూడ్రైవరు పిడిని పళ్ళ మధ్య బిగించి, మొనను కిందికి దించి ఒక్కొక్క భాగానికీ ఆనించాను. చెవితో వింటే ఊరి చప్పుళ్ళన్నీ కలిసిపోతాయి. పళ్ళతో పట్టుకుంటే ఇనుములో ఉన్న వణుకు నేరుగా తలలోకి వస్తుంది. ఇది మేస్త్రీ దగ్గర నేర్చుకున్న పద్ధతే. డ్రైవరు కారును నెమ్మదిగా ఎడమకు గుండ్రంగా తిప్పుతున్నాడు. మండీలో పనిచేసే ఆడవాళ్ళు చాటలు పక్కన పెట్టి, నోళ్ళకు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు.

స్ప్రింగు మీద పెట్టాను, నిశ్శబ్దం. స్టీరింగ్ కడ్డీ మీద పెట్టాను, కొంచెం వణుకు. ఎడమ కింగ్ పిన్ ఉన్న గూడు మీద పెట్టేసరికి పళ్ళన్నీ జివ్వుమన్నాయి. మేస్త్రీ ఏ పిన్ను బాగుందన్నాడో మూలుగుతున్నది అదే.

షెడ్డుకు తిరిగి వచ్చి గ్రీజు గన్ను తీసుకున్నాను. కుడి పిన్నుకు కొడితే పాత గ్రీజు కింది నుంచి బయటికి వచ్చింది. ఎడమ పిన్నుకు కొడితే గ్రీజు లోపలికి పోకుండా, పెట్టిన చోటే గన్ను మూతి చుట్టూ ఉబికి వచ్చింది. మేస్త్రీ అది చూసి "కడుపు నిండింది దానికి" అన్నాడు.

"నిండల్యా మేస్త్రీ. గొంతు పూడింది" అన్నాను.

అప్పుడు గేటు దగ్గరే నిలబడ్డ డ్రైవరుకు ఒక మాట గుర్తొచ్చింది. తను బక్రీదుకు సెలవు పెట్టి వెళ్ళి వచ్చాక చూస్తే, ఆ పిన్నుకు గ్రీజు ఎక్కించే చిన్న మూతి, నిప్పల్ అంటాం, ఊడిపోయి ఉందట. మా షెడ్డుకు వచ్చేంత తీరిక లేక జమ్మలమడుగు వెళ్ళినప్పుడే కొత్తది వేయించాడట. అప్పటి నుంచి ఎన్నిసార్లు గ్రీజు కొట్టినా ఇట్లాగే ఉబికి వచ్చేదట, నిండిందనుకున్నాడట.

మేస్త్రీకీ నాకూ ఆ సాయంత్రం మాటా మాటా పెరిగింది. పిన్ను విప్పాలంటాను నేను. బిగుసుకున్న పిన్నును కొట్టి తీస్తే యాక్సిల్ చివర పిన్ను దూరే కన్ను పగిలే ప్రమాదం ఉంది. పగిలితే మద్రాసు నుంచి వస్తువు వచ్చేదాకా కారు కదలదు, ఆ నింద షెడ్డు మీద పడుతుంది. ఆయన భయం న్యాయమైనదే. స్పానరు గోడకేసి కొట్టాడు. వెళ్ళి ఏరుకొచ్చుకున్నాడు. వచ్చి, "రేపు పొద్దున సావుకారు మన మాట కోసం వస్తాడు. ఆయప్ప ముందరే ఇప్పు. దాంట్లో ఏం లేకపోతే నువ్వే చెప్పు, ఆ సాయిబును నువ్వే పనిలోనుంచి తీసేసినట్ల" అన్నాడు. ఆ మాట నాకు గట్టిగా తగిలింది.

పొద్దున సావుకారు వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. ఖద్దరు పంచె, భుజం మీద కండువా. డ్రైవరు గేటు దగ్గరే ఉన్నాడు. ఇద్దరూ ఒకరి వైపు ఒకరు చూసుకోలేదు.

ముందు యాక్సిల్ మీది గాటు చూపించాను. గాటు లోపలంతా నల్లటి పాత తుప్పు. "అయ్యా, ఇది కొత్త దెబ్బ కాదు. కారు మీ చేతికి రాకముందుది" అన్నాను. మేస్త్రీ దగ్గరికి వచ్చి గోరుతో గీకి చూశాడు. గోటికి తుప్పే అంటింది. సావుకారు మాత్రం "అయితే ఈ మూలుగు యాడిది?" అన్నాడు.

చక్రం విప్పి, పిన్ను కింది నుంచి సుత్తితో తట్టాను. కదల్లేదు. మళ్ళీ కొట్టాను. కదల్లేదు. ఇంకా గట్టిగా కొడితే కన్ను పగులుతుంది. మేస్త్రీ తనే మంట చిమ్మే బ్లో ల్యాంపు వెలిగించి నా చేతికిచ్చాడు. గూడు చుట్టూ మెల్లగా వేడి చేయసాగాను. కొంచెంసేపటికి గూడులోంచి సన్నటి పొగ వచ్చింది, పొగతో పాటు ఒక వాసన. అది గ్రీజు కాలిన వాసన కాదు. షెడ్డులో ఉన్న ప్రతి ఒక్కరికీ చిన్నప్పటి నుంచి తెలిసిన వాసన అది.

"ఇదేందిరా, ఆముదం వాసన!" అన్నాడు మేస్త్రీ.

మరోసారి తట్టాను. పిన్ను జారింది. పట్టకారుతో బయటికి తీస్తే దాని ఒళ్ళంతా నల్లటి బంక. గ్రీజు పారే గాడి ఆ బంకతో పూడి రాయిలా గట్టిపడింది. అరిగిన పిన్ను ఊగాల్సింది, ఈ బంకే దాన్ని కరిచిపట్టి ఊగనీయలేదు. మేస్త్రీ అంతటివాడిని మోసం చేసింది అదే. నేను కొంచెం గోకి వేళ్ళ మధ్య నలిపాను. ఆముదం, కాల్చిన వరిగడ్డి బూడిద. ఎద్దులబండి ఇరుసుకు పెట్టే కందెన!

డ్రైవరు గేటు వదిలి గబగబా లోపలికి వచ్చాడు. "కందెనా? కారుకు కందెన యాడ నుంచి వచ్చాది?"

సావుకారు బల్ల మీద నుంచి లేచాడు. నా చేతిలోని పిన్నును తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ఆయన ముఖం మారిపోవడం నా కళ్ళతో చూశాను.

"నేనే పెట్టినా" అన్నాడు.

ఆయన చెప్పింది ఇదీ. "నువ్వు బక్రీదుకు పోయింటివి గదప్పా. నేనే కారు తోలుకొని చేనికాడికి పోతి. ముందర చక్రం కాడ కీచుకీచుమంటాండె. వంగి చూస్తే ఆ బొక్క నోరు తెరుచుకొని ఉండాది. కొట్టంలో మా నాయన కందెన గొట్టం ఇంకా యాలాడుతాంది. తెచ్చి, చీపురుపుల్లతో నిండా కూరితి. కీచుమనేది ఆణ్ణే నిలిచిపాయ. మంచి పనే చేసినాననుకొంటి. మళ్ళ ఆ మాటే మర్చిపోతి."

టర్నరు గబుక్కున లేతు వైపు తిరిగాడు. అతని భుజాలు ఊగడం నాకు కనబడింది. నాకు నవ్వు రాలేదు. పుట్టినప్పటి నుంచి బండి చక్రం కింద పెరిగిన మనిషి, చక్రం ఏడిస్తే కందెన పెట్టాడు. ఆయన నాయనా అదే చేసేవాడు, మా నాయనా అదే చేసేవాడు. కొన్నాళ్ళకు ఆముదం బంకగా మారి, బూడిదతో కలిసి గట్టిపడి, గ్రీజుకు దారి మూసేస్తుందని ఆయనకేం తెలుసు?

సావుకారు పిన్నును బల్ల మీద పెట్టి, "బండి అయినాక తోలుకొని రాప్పా, పులివెందులకు పోవాల" అని డ్రైవరుతో చెప్పి, కండువా సర్దుకుని బయలుదేరాడు.

"నేను రానయ్యా" అన్నాడు డ్రైవరు.

సావుకారు ఆగిపోయాడు. ఆయనకు ఎదురు చెప్పడం ఆ చుట్టుపక్కల ఎవరికీ అలవాటు లేదు.

"మీరు నన్ను ఈడ అనలేదయ్యా. స్టాండుకాడ అన్న్యారు. అందరూ ఇన్న్యారు. నిన్న మా ఇంటికాడికి వచ్చి కూడా అడిగినారు, ఏమప్పా బండకు కొట్టినావంట గదా అని. ఈడ ఈ ముగ్గురు ఇంటే నా పేరు యాడ మారుతాది?" అన్నాడు డ్రైవరు.

సావుకారు ముఖం ఎర్రబడింది. ఇక అయిపోయింది, ఈ మనిషి పని పోయినట్టే అనుకున్నాను. అప్పుడు మా మేస్త్రీ, ఏనాడూ మాట వెనక్కి తీసుకోని మనిషి, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ ముందుకొచ్చాడు.

"ఆయప్ప చెప్పేది నిజమే అయ్యా. దెబ్బ తగిలిందని నేను కూడా అంటి. స్టాండుకాడికి నేనూ వస్తా."

సావుకారు కండువా తీసి మళ్ళీ బల్ల మీద కూర్చుని, "పని కానీండి" అన్నాడు.

ఆ రోజు మేం పని చేసినట్టు మళ్ళీ ఎప్పుడూ చేయలేదు. టర్నరు పిన్ను చుట్టూ తొడిగే కొత్త బుష్షులను లేతు మీద చెక్కాడు, పిన్ను మీది గీతలు తీసి నున్నగా చేశాడు. నేను గూడును కిరసనాయిలుతో కడిగి, గ్రీజు దారిని సన్నటి తీగతో శుభ్రం చేశాను. మేస్త్రీ పక్కన కూర్చుని అందించాడు. నాకు ఆయన పనిముట్లు అందించడం అదే మొదలు. గన్నుతో గ్రీజు కొడితే ఈసారి కింది నుంచి పసుపుపచ్చగా బయటికి వచ్చింది. మేస్త్రీ దాన్ని వేలితో తీసి చూసి, "ఇంగ ముందర భాగం పనులన్నీ నువ్వే చూసుకో" అన్నాడు. అంతకుముందు గానీ తర్వాత గానీ ఆయన నన్ను మెచ్చుకుంటూ అన్న మాట అదొక్కటే. ఆనందంతో నాకు కళ్ళు చెమర్చాయి, బ్లో ల్యాంపు పొగ అని సర్ది చెప్పుకున్నాను.

పొద్దు వాలకముందే కారులో అందరం స్టాండుకు వెళ్ళాం. డ్రైవర్లు మంచాల మీద కూర్చుని పులిమేక ఆడుతున్నారు. మమ్మల్ని చూసి ఆట ఆపేశారు. సావుకారు దిగాడు. ఆయన గొంతు సవరించుకోవడం మా అందరికీ వినబడింది.

"వంకలో బండకు కొట్టినాడని నేనీడ అంటి. ఆయప్ప కొట్టల్యా. బండిని చెడగొట్టింది నేను. కారుకు కందెన పెట్టింటి."

ఎవరో ఒకరు నవ్వుతారనుకున్నాను. ఒక్కరూ నవ్వలేదు. మేస్త్రీ ఒక అడుగు ముందుకు వేసి, "దెబ్బ తగిలిందన్నోణ్ణి నేనూ ఉండా. నాదీ తప్పే" అన్నాడు.

ఇక అందరం డ్రైవరు వైపు చూశాం. ఆయన భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు, కళ్ళు కూడా తుడుచుకున్నాడు, ఎవరి ముందూ దాచుకోలేదు. ఆ తర్వాత వెళ్ళి కారు తలుపు తీసి పట్టుకున్నాడు.

"ఎక్కండయ్యా. పులివెందులకు పొద్దు పోతాంది."